పద్దెనిమిది నిండకముందు

తల్లిదండ్రుల నుంచి మైనరుకు చట్టపరంగా విడుదల ఇచ్చే కోర్టు ఉత్తర్వు అమెరికాలోని పలు రాష్ట్రాల్లో ఉంది, మన దేశంలో లేదు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండితేనే మేజర్. అంతవరకు కోరుకొండలో పదహారేళ్ల అమ్మాయి అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టినా చెల్లదు.

అలాగని ఇంట్లో హింసను ఓర్చుకుని పడి ఉండక్కర్లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద ఆ బిడ్డ తనంతట తానే బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్లవచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయవచ్చు. కమిటీ విచారించి, అవసరమైతే బాలల గృహానికో తగిన సంరక్షకులకో అప్పగిస్తుంది. వయసు రుజువుకు మొదట చూసేది బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ జనన ధ్రువపత్రం. ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. అందుకే ఆ కాగితాల నకళ్లు పిల్లల దగ్గర కూడా ఉండాలి.

బలవంతపు పెళ్లి మరీ ఘోరం. చిన్నతనంలో పెళ్లి చేసిన అమ్మాయి 20 ఏళ్లు నిండేలోపు ఆ పెళ్లిని రద్దు చేయమని కోర్టును కోరవచ్చు. 2006 నాటి చట్టం ఇచ్చిన హక్కు ఇది. లాయరు ఖర్చుకు జంకనక్కర్లేదు. రాజమహేంద్రవరంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మహిళలకు, పిల్లలకు ఉచితంగా న్యాయ సహాయం అందిస్తుంది. ఈ సంగతులన్నీ ప్రతి హైస్కూలు నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించాలి.