మోకాలు మార్పిడి - మోటారు సైకిలు



మోకాలు మార్పిడి శస్త్రచికిత్స నేడు కేవలము ధనికుల చికిత్స కాదు. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ కృత్రిమ మోకాళ్లకు గరిష్ఠ ధర విధించినది. అంతకు మునుపు సగటున 1,58,000 రూపాయలకు పైబడియున్న కోబాల్టు క్రోమియం రకమునకు 54,720 రూపాయలు, పన్ను గాక, నిర్ణయించినది. అందువలన రైతులు, చిల్లర వర్తకులు సైతము ఈ చికిత్సకు సాహసించుచున్నారు. చికిత్స పిమ్మట పడక కుర్చీలో కాలక్షేపము చేయు యోగము వీరికి లేదు. బండి ఎక్కనిదే పొట్ట గడవదు.

నేనట్టివాడనే. వయస్సు 63. హోసూరులో ఇల్లు, బాగలూరు దారిలో రోజాతోట. తెల్లవారకమునుపే తోటకు చేరవలెను. నా కుడి మోకాలు మార్చిన డాక్టరు గారిని "బండి ఎప్పుడు నడపవచ్చును?" అని అడుగగా, "ఇక ఆ మాట మరచిపోండి" అన్నారు. ఇంటికి పంపునాడు చేతికిచ్చిన కాగితము ఇంగ్లీషు, తమిళములలో ఉన్నది. తమిళము మాట్లాడుదును గాని, తెలుగు బడిలో చదివినవాడను గనుక ఆ లిపి చదువలేను. ఇక సలహా చెప్పినది ఇరుగు పొరుగువారే. "ఫలానావారు నెలకే నడిపినారు" అన్నారు. నేను ఐదవ వారమున బండి తీసితిని. మా గేటు వద్ద ఆపి కాలు ఆనించగా మోకాలు బరువు మోయలేదు. బండితో సహా ఒరిగితిని. ఎముక విరుగకపోవుట నా అదృష్టము. కృత్రిమ కీలు చుట్టునున్న ఎముక విరిగినచో మరల పెద్ద శస్త్రచికిత్స కావలసి రావచ్చునని తరువాత తెలిసినది.

ఆ తెలిపినది ఒక ఫిజియోథెరపీ నిపుణుడు. వారముల లెక్క ఒక్కటే చాలదన్నాడు. కర్ర లేక నడవగలగవలెను. మోకాలు 90 డిగ్రీలు దాటి సులభముగా వంగవలెను. ఆ కాలిమీదనే దేహభారము మోపి నిలువగలగవలెను. హఠాత్తుగా బ్రేకు తొక్కవలసివచ్చినను నొప్పి అడ్డు రాకూడదు. మత్తు కలిగించు నొప్పిమాత్రలు మానియుండవలెను. కారునకు సాధారణముగా ఆరు వారములు చెప్పుదురు గాని, ఆగినప్పుడెల్ల బండి బరువు కాలిపై పడును గనుక నాకు మూడు నెలలకు తక్కువ తగదన్నాడు. కిక్కరు తన్నవద్దన్నాడు. పాత బరువు బండి అమ్మి, సెల్ఫ్ స్టార్టరు గల తేలిక బండి కొంటిని. నాలుగవ నెలలో మొదట ఖాళీ మైదానమున, పిదప రోడ్డుపైన నడిపితిని. నేటికి రెండేండ్లు గడచినవి. తోట నా చేతిలోనే ఉన్నది.

పడినచో ప్రమాదమన్న డాక్టర్ల భయము న్యాయమే. కాని "వద్దు" అన్నంతమాత్రాన మానగలవారెందరు? మానలేనివాడు దొంగచాటుగా, తొందరపడి, నావలెనే ఎక్కును. "ఎప్పుడు, ఎట్లు" అని చెప్పియుండిన ఆ నాడు నేను పడియుండను.

మరియొక మాట. 55 ఏండ్లు దాటినవారు లైసెన్సును ఐదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను. దానికి వైద్యుని సర్టిఫికెట్టు కావలెను. నా వంతు వచ్చినప్పుడు ఆ వైద్యుడు కన్నులు చూచి సంతకము పెట్టినారు. మోకాలు వంచి చూపుమని అడుగలేదు!

కావున ఆసుపత్రులవారికి నా మనవి రెండే. రోగి జీవనోపాధి ఏమని ముందే అడిగి, బండి విషయమై అతనికి తగిన సలహాను వ్రాతమూలముగా ఇవ్వవలెను. హోసూరు, బళ్లారి, బరంపురము, షోలాపూరు వంటి ఊళ్లలో ఆ కాగితము తెలుగున కూడ ఉండవలెను. దీనికయ్యే ఖర్చు ఒక కాగితపు వెల. మోకాలి ధర తగ్గించిన ప్రభుత్వము ఈ కాగితము సంగతి కూడ చూడగలదని ఆశించుచున్నాను.

భవదీయుడు,
ఒక తోట రైతు
హోసూరు