పట్టము వచ్చినది, పని రావలయును

గత మాసమున మా పాఠకురాండ్రలో నొక సోదరి మాకొక లేఖ వ్రాసినది. ఆమె కుమార్తె నాలుగున్నర సంవత్సరములు వైద్యవిద్య నభ్యసించి, కడపటి పరీక్షయందు గెలిచి, ఇప్పుడొక ఆసుపత్రిలో హౌస్ సర్జనుగా నున్నది. ఒకనాటి రాత్రి యొక వృద్ధురాలికి సెలైను పెట్టబోయి, మూడుసార్లు సూది గ్రుచ్చియు నరము దొరకక వెలవెలబోయినదట. తుదకు నర్సు వచ్చి పెట్టినది. ఆ పిల్ల ఇంటికి వచ్చి కన్నీరు పెట్టుకొన్నది. బంధువులు “వార్డులలో తిరిగి కాలము పాడుచేసికొననేల? హాజరు ఎట్లో వేయించుకొని, ఇంట కూర్చుండి పి.జి. ప్రవేశపరీక్షకు చదువుకొనరాదా?” యనుచున్నారట. ఏమి చేయుదునని యా తల్లి ప్రశ్న.

ఇట్టి ప్రశ్న నేడు వైద్యవిద్యార్థులున్న యనేక గృహములలో వినబడుచున్నది. కావున నందఱకును చెప్పుచున్నాము.

చదివిన విద్య వేఱు, చేతికి వచ్చిన విద్య వేఱు. క్రొత్తగా గంజి వార్చిన పిల్ల చేయి కాల్చుకొన్నచో నిక పొయ్యి దగ్గరకు పోవలదని యే తల్లియు ననదు. ప్రక్కన నిలిచి నేర్పును. మన దేశమున 12 నెలలు ఆసుపత్రిలో పని చేసిన పిదపనే శాశ్వత రిజిస్ట్రేషను నిచ్చుట యిందులకే. 2021లో ప్రకటింపబడిన నియమముల ప్రకారము ఈ 52 వారములలో 12 సామాజిక వైద్యమునకును, 7 కుటుంబ సంక్షేమముతో గూడిన ప్రసూతి, స్త్రీ వైద్యమునకును, ఆరేసి వారములు సాధారణ వైద్యమునకును శస్త్రచికిత్సకును, 3 శిశువైద్యమునకును కేటాయింపబడినవి. ఈ యేడు గడచినంతనే యా పిల్ల యేదేని పల్లెలో నొంటరిగా రోగులను చూడవచ్చును. అప్పుడు తప్పు దిద్దుటకు ప్రక్కన పెద్దవా రుండరు.

ఈ యేట నేర్వవలసినవి ముఖ్యముగా మూడు. మొదటిది చేతిపని. నరము పట్టుట, కుట్లు వేయుట, కాన్పు చేయుట, గుండె ఆగినవానికి ఱొమ్ముపై నిమిషమునకు 100 మొదలు 120 సార్లు అదుముట. వీనిలో కొన్నింటిని కళాశాలలలో బొమ్మలపై నేర్పుచున్నారు, మేలే. కాని బొమ్మకు నొప్పి లేదు, భయము లేదు, ముదిమిచే సన్నగిలిన నరము లేదు.

రెండవది మాట. రోగికి వ్యాధిని తెలియబలుకుట, దుర్వార్తను మెత్తగా చెప్పుట, తన వంతు ముగిసి పోవునప్పుడు తరువాతి వైద్యునకు ప్రతి రోగి స్థితియు విడువక యొప్పగించుట. ఒప్పగింతలో నొక్కమాట జాఱినచో నొక మందు తప్పును.

మూడవది యన్నిటికంటె కష్టము: తన శక్తి యెంతవఱకో యెఱిగి, సకాలమున పెద్దలను పిలుచుట. కాన్పైన స్త్రీకి నెత్తురు అర లీటరు మించి పోయినచో నపాయమని పుస్తకములో చదువని వైద్యురాలు లేదు. కాని బట్టలలో నింకిన నెత్తురును కంటితో చూచి యంచనా వేసినచో నది తఱచు తక్కువగనే తోచును. “ఇంత మాత్రమునకే పిలిచితివా యందురేమో” యని సిగ్గుపడి పది నిమిషములు జాగుచేసినచో నొక తల్లి ప్రాణము పోవచ్చును. ఈ సిగ్గును విడుచుట వార్డులోనే యలవడును.

ఆసుపత్రులవారికిని మా మాట యొకటి గలదు. నెత్తురు సీసాలు మోయించుటకును, బండ్లు త్రోయించుటకును మాత్రమే వీరిని వాడుకొనుట శిక్షణ గాదు. నిద్ర లేకుండ పని చేయించుటయు తగదు. 1984లో న్యూయార్కున నొక పదునెనిమిదేండ్ల యువతి ఆసుపత్రిలో మరణింపగా, అలసిన చిన్నవైద్యుల పనిని గూర్చి పెద్ద విచారణ జరిగినది. 1989లో నా రాష్ట్రమువారు వారమునకు 80 గంటలు, ఒక్క పట్టున 24 గంటలు మించి వారిచే పని చేయింపరాదని కట్టడి చేసిరి.

ఇక సోదరీమణులు చేయదగినది. ఇంటికి వచ్చిన పిల్లను “ఎన్ని పేజీలు చదివితివి?” అని యడుగుటకు ముందు “నేడు చేతితో నేమి నేర్చితివి?” అని యడుగుడు. వేళకు భోజనము పెట్టి, నిద్రపోనిండు. పరీక్ష మఱల వ్రాయవచ్చును. ఈ యేడు మఱల రాదు. మీరే రోగులైనప్పుడు చిన్నవైద్యురాలిని చూచి విసుగుకొనకుడు. ఆమె పేరును, ఆమెపై నున్న పెద్ద వైద్యుని పేరును అడిగి తెలిసికొనుడు. సూది రెండుసార్లు తప్పినచో “అమ్మా, ఇక పెద్దవారిని పిలువు” మని నెమ్మదిగా చెప్పుటకు మీకు హక్కు గలదు. అది యామెకును మేలే.

లేఖ వ్రాసిన సోదరికి మా ప్రత్యుత్తరమిది. అమ్మా, మీ కుమార్తె కన్నీరు చేతగానితనము గాదు. ఆ వృద్ధురాలి నొప్పి యామెకు తెలిసినదనుటకు గుర్తు. రేపు ఆమెను వార్డునకే పంపుడు. ఆ నర్సునే యడిగి, నరము పట్టుట నేర్చుకొమ్మని చెప్పుడు.