కొండకు పోయే సైకిల్‌ని కొండను చూసి కొనాలి

సైకిల్ గురించి తెలుగు గోడపత్రికలో ఏం రాస్తావే అని మా క్లాసులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వనీయండి. నా దగ్గర 28 వేల రూపాయలున్నాయి. రెండేళ్ళుగా సాయంత్రాలు చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పి దాచుకున్న డబ్బు. దాంతో మంచి మౌంటెన్ బైక్ ఒకటి కొనుక్కోవాలని నా నిర్ణయం. ఇంట్లో మాత్రం ఈ డబ్బు మీద ఇంకో నాలుగు అభిప్రాయాలున్నాయి. నాన్న కన్నడంలో ‘ఇన్నొందిష్టు సేరిసి స్కూటి తగో’ అంటారు. అమ్మ తెలుగులో ‘రెండు గాజులన్నా వస్తాయి గదే’ అంటుంది. మామ అయితే ముందొక స్ప్రింగు, వెనకొక స్ప్రింగు ఉన్న సైకిలే అసలైన కొండ సైకిలని తేల్చేశాడు. అంగడాయన నన్ను కింది నుంచి పై వరకు చూసి లేడీస్ మోడల్ ఒకటి ముందుకు తోశాడు. వీళ్ళలో ఒక్కరు కూడా ‘నువ్వు ఎక్కడ తొక్కుతావమ్మా?’ అని అడగలేదు. నాకు కోపం అక్కడ వచ్చింది, ఈ వ్యాసం కూడా అక్కడే పుట్టింది.

ఇంగ్లీషులో ‘ట్రైల్’ అని ఒకే మాట వాడేస్తారు. మన భాషలో అట్లా కాదు. కాలిబాట వేరు, బండిబాట వేరు, డొంక వేరు, చెరువు కట్ట వేరు, పొలం గట్టు వేరు. మా అవ్వ అన్నిటినీ కలిపి ‘దావ’ అంటుంది కానీ, ఏ దావలో ఏ చెప్పులేసుకోవాలో ఆమెకు బాగా తెలుసు. సైకిల్ ఎంచుకోవడం కూడా ఇంతకంటే పెద్ద విద్య కాదని నా అభిప్రాయం.

నా దావ ఏదంటే, ఇంటి నుంచి రెండు మైళ్ళు తారు రోడ్డు. తర్వాత చెరువు కట్ట మీద గరుసు మట్టి. కట్ట దిగితే నీలగిరి తోపుల మధ్య బండిబాట. ఎండాకులు పడి జారుతుంది, కింద రాయుందో గుంతుందో కనపడదు. ఆ తర్వాత శతశృంగ కొండల అడుగున నల్లరాతి గుండ్లు, పరుపు బండలు. అంతరగంగె వైపు పోయినవాళ్ళకు తెలుస్తుంది, మన కోలారు రాయి ఎంత గరుకో. ఎండినప్పుడు టైరు దాని మీద బల్లిలాగా అతుక్కుంటుంది, వాన పడితే సబ్బుబిళ్ళ. వీటన్నిటికీ తోడు రెండు పగవాళ్ళు, పల్లేరు కాయలు, బళ్ళారి జాలి ముళ్ళు. సెలవుల్లో చిన్నాయన కొడుకు సైకిల్ అడిగి తీసుకొని ఈ దావంతా తిరిగాను. కాబట్టి ఊరికే వీడియోలు చూసి రాయడం లేదు.

మొదట మామ చెప్పిన రెండు స్ప్రింగుల సంగతి. వెనక స్ప్రింగు చెడ్డదని నేననను. లక్ష రూపాయల పైమాటగా ఉండే సైకిళ్ళలో అది అద్భుతమే. ఆ రకంలో స్ప్రింగుతో పాటు దాని ఎగురుడును అణచడానికి నూనెతో పనిచేసే డాంపర్ ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు కుంగకుండా కీళ్ళ అమరిక లెక్క ప్రకారం ఉంటుంది. పదిహేను వేల సైకిల్లో ఉండేది ఒట్టి స్ప్రింగు. ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కితే మన బలం చక్రానికి పోకుండా స్ప్రింగును కుక్కడానికి పోతుంది. గతుకులో పడితే బంతిలాగా ఎగరేస్తుంది. పైగా బరువు. నేను అడిగి తీసుకున్న ఆ సైకిల్ ఈ రకమే. బండల మీద దిగి చేత్తో ఎత్తాల్సి వచ్చిన ప్రతిసారీ, అది నన్ను మోయడానికి వచ్చిందా నేను దాన్ని మోయడానికి వచ్చానా అనిపించేది. మూడు నెలలకే వెనక కీలు బోల్టు వదులై కిర్రుకిర్రుమనడం మొదలుపెట్టింది. కాబట్టి నా బడ్జెట్టులో వెనక స్ప్రింగు లేనిదే సరైనది. దాన్ని హార్డ్‌టెయిల్ అంటారు. తెలుగులో ఏమనాలో మన మేడములే చెప్పాలి. ‘గట్టితోక’ అంటే మా అవ్వ పకపకా నవ్వింది.

ముందు షాక్ సంగతి ఇంకా ముఖ్యం. దీని గురించి ఆడపిల్లలకు ఎవరూ చెప్పరు. తక్కువ ధర ఫోర్కుల్లో ఇనుప స్ప్రింగు ఉంటుంది. ఆ స్ప్రింగు గట్టిదనం ఒక మామూలు మగమనిషి బరువును మనసులో పెట్టుకొని చేసింది. నా బరువు 47 కిలోలు. నేను కూర్చుంటే అది కదలదు. పేరుకు షాక్, పనికి ఇనుప కడ్డీ. దీనికొక చిన్న పరీక్ష ఉంది. షాక్ సన్న గొట్టానికి, కింద రబ్బరు అంచుకు ఆనేలా ఒక రబ్బరు బ్యాండు చుట్టాలి. సైకిల్‌ని ఎవరైనా పట్టుకుంటే నెమ్మదిగా ఎక్కి, తొక్కే భంగిమలో ఒక క్షణం ఉండి, మెల్లగా దిగాలి. బ్యాండు అంచు నుంచి ఎంత పైకి జరిగిందో అదే మన బరువుకు షాక్ దిగిన కొలత. 100 మిల్లీమీటర్లు కదిలే ఫోర్కు అయితే సుమారు 15 నుంచి 25 వరకు దిగాలి. అంగట్లో నేను ఈ పరీక్ష చేస్తే ఒకదాంట్లో 4 మిల్లీమీటర్లే వచ్చింది. అంగడాయన ‘స్టిఫ్‌గా ఉంటే మంచిదే కదమ్మా’ అన్నాడు. ఎవరికి మంచిదో!

గాలితో పనిచేసే ఫోర్కు అయితే ఈ బాధ లేదు. ప్రత్యేకమైన పంపుతో మన బరువుకు సరిపడా గాలి పెట్టుకోవచ్చు. కానీ అది నా 28 వేలలో దొరకడం కష్టం. అందుకని నేను ఆలోచించిన ఉపాయం, ఫ్రేము ముందు తల గొట్టం పైన సన్నగా కింద లావుగా ఉన్న సైకిల్ తీసుకోవడం. ఇప్పుడొచ్చే మంచి ఫోర్కులు చాలావరకు ఆ రకం గొట్టానికే చేస్తున్నారు. ఉద్యోగం వచ్చాక ఫోర్కు ఒక్కటి మార్చుకుంటే చాలు. వెనక చక్రం కూడా అంతే. పళ్ళచక్రాలు మరతో బిగించే పాత ఫ్రీవీల్ రకం వద్దు, క్యాసెట్ రకం కావాలి. తర్వాత పెద్ద పళ్ళచక్రం వేసుకోవడానికి దాంట్లో వీలెక్కువ.

ఇక గేర్లు. ‘21 గేర్లు మేడమ్’ అని అంగడిలో గొప్పగా చెప్తారు. ముందు మూడు, వెనక ఏడు, గుణిస్తే 21. నిజానికి వాటిలో చాలా గేర్లు ఒకదాని మీద ఒకటి పడే నకళ్ళే. ఎన్ని గేర్లని కాదు, అన్నిటికంటే తేలికైన గేరు ఎంత తేలిక అని అడగాలి. ముందు చక్రం పళ్ళను వెనక చక్రం పళ్ళతో భాగించండి. ముందు చిన్నది 28, వెనక పెద్దది 28 అయితే 1 వస్తుంది. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒక పూర్తి చుట్టు తిరగాలి. తేరహళ్ళి ఎత్తులో నా కాళ్ళు దానికి ఒప్పుకోవు. ముందు 30, వెనక 46 అయితే సుమారు 0.65. మెల్లగా అయినా కూర్చొనే ఎక్కవచ్చు. అట్లాంటి సైకిల్లో ముందు ఒకే చక్రం, మొత్తం తొమ్మిదో పదో గేర్లు ఉంటాయి. 21 కంటే తక్కువని మామ పెదవి విరుస్తాడు. ఈ భాగహారం ఆయనకు కాగితం మీద వేసి చూపిస్తాను.

బ్రేకుల దగ్గర మాత్రం బేరం వద్దు. నూనెతో పనిచేసే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకునే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం, దానికోసం ఫోర్కు కొంచెం నాసిరకమైనా సర్దుకుంటాను. తీగ లాగే బ్రేకును దిగుడులో నాలుగు వేళ్ళతో పిండాలి. చిన్న చేతులకు కొండ సగం దిగేసరికి ముంజేయి నొప్పెడుతుంది. నూనె బ్రేకుకు ఒక్క వేలు చాలు. లీవరు దగ్గర చిన్న మర ఉంటుంది, దాన్ని తిప్పితే లీవరు పిడికి దగ్గరగా వస్తుంది. ఆ మర సంగతి అంగట్లో మనకు మనంగా చెప్పరు, అడిగి తిప్పించుకోవాలి.

టైర్లు. లావుగా ఉండాలి, 2.2 అంగుళాల దరిదాపుల్లో. గాలి విషయంలో మన పంచరు అంగళ్ళలో ఒకటే పద్ధతి, రాయిలాగా అయ్యేదాకా కొట్టడం. తారు రోడ్డుకు సరే. బండ మీద ఆ టైరు ఎగిరెగిరి పడుతుంది, పట్టు ఉండదు. నా బరువుకు ట్యూబు ఉన్న టైరులో 30 పీఎస్‌ఐ దగ్గర పెడితే రాయిని పట్టుకొని పోతుంది. మరీ తగ్గించినా ప్రమాదమే. రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి, పాము కాటేసినట్టు జంట చిల్లులు పడతాయి. పల్లేరుకైతే ట్యూబు లేని టైరు, లోపల ముల్లు గుచ్చగానే గడ్డకట్టే ద్రవం, ఇదే మందు. రిమ్ము అందుకు పనికొచ్చేదా అని కొనేటప్పుడే అడగాలి.

లేడీస్ మోడల్ గురించి రెండు మాటలు చెప్పకపోతే ఇది మహిళా కళాశాల గోడపత్రిక ఎట్లవుతుంది? మౌంటెన్ బైక్ అనేది అమెరికాలో కాలిఫోర్నియా మరిన్ కౌంటీలో 1970లలో మొదలైంది. అక్కడి కుర్రకారు లావు టైర్ల పాత సైకిళ్ళకు మరమ్మతులు చేసుకొని కొండ దిగేవాళ్ళు. 1976లో వాళ్ళు పెట్టుకున్న పందెం పేరు రీప్యాక్. ఎందుకా పేరంటే, సుమారు రెండు మైళ్ళ ఆ దిగుడులో వెనక హబ్బు బ్రేకు కాలి గ్రీసంతా పొగైపోయేది, ప్రతిసారీ మళ్ళీ గ్రీసు కూరాల్సి వచ్చేది. ఆ మగవాళ్ళ గుంపులో దిగిన మహిళ వెండీ క్రాగ్. ఆ తొలి రోజుల ఫోటోలు ఎన్నో ఆమె తీసినవే. వాళ్ళెవరికీ అంగట్లో మౌంటెన్ బైక్ దొరకలేదు. ముందు కొండ ఉంది, దానికి తగ్గట్టు సైకిల్ తయారైంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ ఆట చేరినప్పుడే మహిళలకూ పోటీ పెట్టారు, ఇటలీకి చెందిన పావోలా పెజ్జో గెలిచింది.

అంత దూరం ఎందుకు, మన పక్క రాష్ట్రంలో పుదుక్కోట్టై ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది పల్లె ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నారు. పి. సాయినాథ్ దాని గురించి రాశారు. లేడీస్ సైకిళ్ళు చాలక జెంట్స్ సైకిళ్ళు తీసుకున్న ఆడవాళ్ళలో కొందరు, సీటుకూ హ్యాండిలుకూ మధ్య కడ్డీ ఉంటే బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని అవే మేలన్నారట. పేరును చూడలేదు, పనిని చూశారు. నాకు నచ్చిన సంగతి అది.

అలాగని కడ్డీ ఎంత ఎత్తున్నా ఫరవాలేదని కాదు. మనలో చాలామంది ఎత్తు ఐదడుగులు, ఐదడుగుల రెండంగుళాలు. రంగు కాదు, కొలత చూసుకోవాలి. గోడకు ఆనుకొని నిలబడి, కాళ్ళ మధ్య ఒక లావు పుస్తకం (మన డిపార్ట్‌మెంటు నిఘంటువు సరిగ్గా సరిపోతుంది, మేడమ్ క్షమించాలి) పైకి నొక్కిపెట్టి, దాని పై అంచు నుంచి నేలకు కొలవాలి. సైకిల్ కడ్డీ దానికంటే రెండంగుళాలు కిందుండాలి. రాళ్ళలో ఉన్నట్టుండి కాలు మోపాల్సి వస్తే ఆ రెండంగుళాల విలువ తెలుస్తుంది. చక్రం 29 అంగుళాలది రాళ్ళను తేలికగా దాటుతుంది, నిజమే. కానీ చిన్న ఫ్రేములో అది ముందుభాగాన్ని ఎత్తేస్తుంది. అందుకే కొన్ని కంపెనీలు చిన్న సైజుల్లో 27.5 వేస్తాయి. పొట్టివాళ్ళకు అది తక్కువ రకం అంటగట్టడం కాదు. నాదీ అదే.

ఇంట్లో చెప్పే అసలు భయం సైకిల్ది కాదని నాకూ తెలుసు. ఒంటరిగా ఆ తోపుల్లోకి ఎట్లా పంపేది అన్నది అమ్మ ప్రశ్న. దానికి ఏ బ్రేకూ జవాబు చెప్పదు. ముగ్గురు నలుగురం కలిసి పోవాలి, పొద్దున పోయి ఎండెక్కక ముందే రావాలి, అటవీశాఖ బోర్డున్న చోట అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. కానీ ఆ భయానికి మందు స్కూటీ అనడం నాకర్థం కాదు. ఎనిమిదో తరగతిలో ప్రభుత్వం ఇచ్చిన సైకిల్ మీద మా పల్లె నుంచి ఏడుగురం బడికి వచ్చేవాళ్ళం. పదో తరగతి అయ్యేసరికి ఏడు సైకిళ్ళూ తమ్ముళ్ళకు, పాలక్యాన్లకు పోయాయి. ఎవరూ మమ్మల్ని అడగలేదు. మేమూ చెప్పలేదు.

వచ్చే ఆదివారం రెండు సైకిళ్ళు ఎక్కి చూడడానికి పోతున్నాను. హెల్మెట్‌కు, పంపుకు రెండు వేలు పక్కన పెట్టాను, అవి సైకిల్ ధరలో కలపను. మీలో ఎవరైనా వస్తానంటే రండి, సైకిల్ పట్టుకోవడానికి ఒక మనిషి ఎట్లాగూ కావాలి. కొలత తీసుకోవాలనుకునేవాళ్ళకు, టేపు, రబ్బరు బ్యాండు రెండూ నా సంచిలోనే ఉంటాయి.