అడుగుల లెక్క



గడచిన మాసమున గోదావరి తీరమునుండి యొక సోదరి నాకు ఉత్తరము వ్రాసినది. ఆమె వయస్సు ఏబదియెనిమిది సంవత్సరములు. నడుమున తగిలించుకొని అడుగులను లెక్కించుకొను చిన్న యంత్రమును ఆమె యేడేండ్లుగా వాడుచుండెనట. అది యిటీవల చెడిపోయినది. అంగడిలో నడిగిన, "అమ్మా, ఇప్పుడు అవి రావడం లేదు, అన్నీ చేతికి పెట్టుకొనేవే" యని చెప్పి పంపివేసిరట. పిల్లలు, "బొటనవ్రేలంత వస్తువుకు ఇంత దిగులా?" యని నవ్వుచున్నారట. "నాకు మాత్రము చేతికఱ్ఱ పోయినట్లున్నది. మీకేదైన దారి తెలిసిన వ్రాయుడు" అని ఆమె యుత్తరము ముగించినది.

ఆమెను జూచి నేను నవ్వజాలను. ఆ దిగులు నేను పడినదే.

2016వ సంవత్సరమున నాకు చక్కెర వ్యాధి యున్నట్లు తెలిసినది. వైద్యుడు మందులు వ్రాసి, "రోజూ నడవాలమ్మా" అనెను. "ఇంట్లో తెల్లవారుజామునుంచి తిరుగుతూనే ఉంటానండీ" యంటిని. "అది నడకలోకి రాదు" అని ఆయన తరువాతి రోగిని పిలిచెను. ఆ మాట నాకు ముల్లువలె నాటుకొన్నది. ముప్పది యేండ్లుగా వంటయింటికిని పెరటికిని మేడకును నేను తిరిగిన తిరుగుడంతయు ఒక్క మాటతో కొట్టివేయబడినట్లు తోచినది. ఇంటికి వచ్చి చెప్పగా మావారు, "ఆయన చెప్పింది నిజమే కదా" యనిరి. వారు ప్రతి ఉదయము బూట్లు దొడిగికొని పార్కునకు పోయి వచ్చువారు.

ఆ సంక్రాంతికి అమెరికానుండి వచ్చిన మా అమ్మాయి నాకొక యంత్రమును తెచ్చి యిచ్చినది. బొటనవ్రేలంత యుండును, వెనుక నొక క్లిప్పు. దానిని తయారుచేసిన కంపెనీ పేరు మనకిక్కడ అనవసరము. ఉదయము చీర కట్టుకొని కుచ్చెళ్ళు దోపుకొన్న పిమ్మట దానిని రొండిన తగిలించుకొనుటయే పని. తరువాత దాని సంగతియే గుర్తుండదు. మొదటి దినమున రాత్రి దీపము ఆర్పబోవుచు చూచితిని: 7,340 అడుగులు! ఆనాడు నేను పాల కేంద్రమునకు తప్ప గడప దాటలేదు. మరునాడు మావారు నమ్మక, దానిని తమ లాల్చీకి తగిలించుకొని పార్కునకు పోయి వచ్చిరి: 4,210. వారేమియు ననలేదు. కాని కాఫీ త్రాగిన గ్లాసును ఆనాడు తామే తీసికొనిపోయి తొట్టిలో నుంచిరి.

వైద్యుని మాట పూర్తిగ తప్పని నేననను. ఆ యంత్రమే నాకు రెండవ సంగతియు నేర్పినది. ఇంటిలోని నడక తునుకలు తునుకలుగా నుండును. నాలుగడుగులు, ఆగుట, మరల ఆరడుగులు. గుండె కొంచెము వేగముగా కొట్టుకొను నడక అందులో తక్కువ. పనిమనిషి రెండు పూటలు వచ్చు దినములలో నా లెక్క మూడువేలకు పడిపోవుచుండెను. అందుచేత రాత్రి భోజనమైన తరువాత డాబాపై పదునైదు నిమిషములు చురుకుగా తిరుగుట నేర్చుకొంటిని. మందులు మానలేదు, తిండి తగ్గించితిని, అయినను ఆ నడకకు నన్ను లేపినది మాత్రము రొండినున్న ఆ యంకెయే. ఆ సోదరి "చేతికఱ్ఱ" యన్నమాట ఎంత నిజమో నేనెఱుగుదును.

పిమ్మట నాలుగైదేండ్లకు క్లిప్పు విరిగినది. తరువాత బ్యాటరీ రెండు దినములకంటె నిలువకుండెను. బ్యాటరీ లోపల బంధింపబడి యున్నది, మార్చుటకు వీలులేదు. మా అమ్మాయిచే కంపెనీకి వ్రాయించితిని. మిక్కిలి మర్యాదగా జవాబు వచ్చినది: ఆ రకము తయారుచేయుట నిలిపివేసితిమి, క్లిప్పులును లేవు, చేతికి పెట్టుకొను రకమును మీకు కొంత తగ్గింపు ధరకు ఇచ్చెదము. అంతే. ఇంత మర్యాదగా వచ్చిన జవాబుపై కోపపడుటకైనను వీలు లేకపోయినది!

తగ్గింపునకు ఆశపడి చేతి పట్టీయొకటి కొంటిని. దాని కథ వినుడు. కుడిచేతికి పెట్టిన పనికి అడ్డు. ఎడమచేతికి పెట్టిన గాజులు దానిపై రాచుకొని రెండు నెలలలో అద్దము గీతలు పడినది. అంట్లు తోమునప్పుడు సబ్బునీరు పట్టీక్రింద చేరి చర్మము ఎఱ్ఱబారినది. అదియు సహింతుననుకొన్నను లెక్కయైన సరిగా నుండవలదా? శనివారము భజనలో ఒక గంట కూర్చుండి చప్పట్లు కొట్టినందులకు అది రెండువేల అడుగులు వేసినట్లు చూపినది. మనుమని చంకనెత్తుకొని, ఆ చేయి కదలకుండ, వీధి చివరి వఱకు పోయి వచ్చినందుల కించుమించు సున్న చూపినది. కూర్చున్నవేళ పొగడి, బరువు మోసినవేళ మరచు సాక్షి యెందులకు?

ఇందులో మాయ యేమియు లేదు. ఈ యంత్రములలో కదలికను పసిగట్టు సన్నని భాగమొకటి యుండును. అది ఊగుటనుబట్టి అడుగును గుర్తించును. నడుము శరీరమునకు మధ్య. ఏ చేతిలో నేమున్నను, కాలు కదలినచో నడుము ఒకమారు లేచి దిగక తప్పదు. చేయి యట్లు కాదు. దాని పని వేరు, నడక వేరు. చేతులూపుచు రిక్తహస్తములతో నడచువారికి చేతి పట్టీ చక్కగ లెక్కించును. పిల్లవాని బండి త్రోయుచు, నీళ్ళ బిందె పట్టుకొని, మెట్ల కమ్మి నానుకొని నడచువారికి తక్కువ చూపును. పిండి పిసికి, మజ్జిగ చిలికి, చప్పట్లు చరచువారికి ఎక్కువ చూపును. మన దినములో ఏ పనులెక్కువయో మీకు నేను చెప్పవలసిన పనిలేదు.

ఈ జాతి యంత్రములు మొదట పుట్టినది నడుముకొఱకే. టోక్యోలో 1964లో ఒలింపిక్ క్రీడలు జరిగిన మరుసటి యేట జపానులోని యమాసా యను కంపెనీ "మాన్‌పో-కే" యను పరికరమును అమ్మినది. ఆ పేరునకు పదివేల అడుగుల మాపకమని యర్థము. నేడు లోకమంతట చెప్పుకొను "పదివేల అడుగులు" ఆ పేరునుండి వ్యాపించినదే. 2009లో ఫిట్‌బిట్ వారు మొదట అమ్మినదియు బట్టకు తగిలించుకొనునదే. తరువాత మిస్‌ఫిట్ వారి షైన్, జాబోన్ వారి అప్ మూవ్ మొదలైనవి వచ్చినవి. పిమ్మట గుండెకొట్టుకొను వేగమును చర్మముపై కాంతి ప్రసరింపజేసి కొలుచు పద్ధతి ప్రబలినది. బట్టపై నుండు యంత్రమునకు చర్మము అందదు గదా! అందుచేత అన్నియు మణికట్టునకు ఎక్కినవి. క్లిప్పు రకములకు వేఱొక లోపము కూడ గలదని ఒప్పుకొనవలెను: అవి జారిపోవును. నాది రెండుమారులు స్నానాల గదిలో పడినది. ఒకమారు చీరతోపాటు బట్టలు ఉదుకు యంత్రములోనికి పోయి, దైవకృపచే బ్రతికి బయటపడినది.

పదివేలు లేనిదే ప్రయోజనము లేదని దిగులుపడు సోదరీమణులకు ఇక్కడ నొక మాట. అమెరికాలో సగటున డెబ్బదిరెండేండ్ల వయస్సుగల 16,741 మంది స్త్రీలను పరీక్షించి, హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఐ-మిన్ లీ గారును ఆమె తోడివారును 2019లో ఫలితములను ప్రకటించినారు. దినమునకు సుమారు 2,700 అడుగులు నడచువారికంటె 4,400 నడచువారిలో ఆ యేండ్లలో మరణములు నూటికి 41 వంతులు తక్కువగా నుండెను. 7,500 దాటిన పిమ్మట లాభము పెరుగుట కానరాలేదు. ఇట్టి పరిశీలనలో నడకవలననే ఆయువు పెరిగినదని తేల్చి చెప్పుట కుదరదు. ఆరోగ్యవంతులే ఎక్కువగా నడచి యుండవచ్చును. కాని నాలుగువేలు చిన్న సంఖ్య కాదని మాత్రము తెలియుచున్నది. ఆ స్త్రీలు యంత్రమును ధరించిన చోటేదనుకొన్నారు? నడుమే.

ఇక ఆ సోదరి యడిగిన దారి. నేను మూడు దారులు త్రొక్కి చూచితిని.

చేతి పట్టీనే కాలికి పెట్టుకొనుట మొదటిది. మడమపైన, కడియముండు చోట. బండి త్రోసినను బిందె మోసినను లెక్క తప్పలేదు. చప్పట్లకు అడుగులు పుట్టలేదు. చేతి గుండెలెక్క మాత్రము నమ్మరాదు. మా వీధిలో నలుగురడిగిరి, "అదేమిటి పిన్నీ, ఒంటికాలి కడియం?" అని. సిగ్గుపడనివారికి ఖర్చులేని ఉపాయమిది. కొన్ని పట్టీలలో అసలు యంత్రము పట్టీనుండి ఊడివచ్చును. దానికి వేరుగా అమ్ము క్లిప్పు తొడుగులో పెట్టి రొండిన తగిలించుకొనవచ్చును. కొనుటకు ముందే ఆ సంగతి విచారింపవలెను.

రెండవది ఫోను. నేటి ఫోనులు చాలవఱకు అడుగులను లెక్కించును. కాని మన చీరలకు జేబులేవి? ఫోను అలమరలో, మనము పెరటిలో. లోపావడాకు కుడివైపున చిన్న తిత్తి కుట్టించుకొని చూచితిని. బరువునకు బొందు జారుచుండెను. మానివేసితిని.

మూడవది నాకు కుదిరినది. ఫోనుతో సంబంధము లేని సాదా అడుగుల మాపకములు, పెడోమీటర్లనునవి, ఇంకను దొరకుచున్నవి. వానిలో బొత్తామువంటి బ్యాటరీ యుండును. అది అయిపోయిన మూత తీసి మనమే మార్చుకొనవచ్చును. అంకె దాని ముఖముననే కనబడును. యాప్ అక్కరలేదు, చందా అక్కరలేదు. నా దృష్టిలో ఇదియే అన్నిటికంటె ముఖ్యము. ఏ యంత్రము తన లెక్కను దూరదేశములోని కంపెనీ సర్వరునకు పంపి, అక్కడనుండి మనకు చూపునో, ఆ కంపెనీ తలుపు మూసిన నాడు అది మన రొండిన నుండియు మూగదగును. ఇందాక చెప్పిన జాబోన్ కంపెనీ 2017లో మూతపడినది. దాని యంత్రములను కొన్నవారు ఈ కష్టమునే చవిచూచిరి.

కొనునప్పుడు రెండు సంగతులు చూడుడు. యంత్రము ఏ ప్రక్కకు ఒరిగి యున్నను లెక్కింపగల రకమై యుండవలెను. కుచ్చెళ్ళలో అది నిటారుగా నిలువదు గదా. నిలువుగా నున్ననే లెక్కించు పాతరకపు చౌకవి మనకు పనికిరావు. గడచిన ఏడు దినముల లెక్క దానిలో నిలిచియుండిన మేలు. ఇంటికి తెచ్చిన వెంటనే నోటితో లెక్కించుచు నూరడుగులు నడచి, అంకె చూడుడు. మూడు అడుగులకు మించి తేడా యున్నచో చోటు కొంచెము మార్చి, మరల నడవుడు. అప్పటికిని కుదరకున్న తిరిగి యిచ్చివేయుడు; తిరిగి తీసికొను గడువు కొనునప్పుడే అడుగుడు. గడువులోనున్న వస్తువును అంగడివారు పట్టించుకొననిచో, ప్రభుత్వపు వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. తయారీయే నిలిచిపోయిన పాత వస్తువు విషయములో దానివలన పెద్ద ఫలముండునని మాత్రము నేను ఆశ పెట్టను.

జారిపోకుండుటకు నేను చేయుచున్నది: క్లిప్పు కంతలో గట్టి దారము కట్టి, దాని రెండవ కొనను పిన్నీసుతో లోపావడా బొందునకు గ్రుచ్చెదను. చీర మార్చునప్పుడు దారమే గుర్తుచేయును.

ఆ సోదరి తన యేడేండ్ల లెక్కలు పోవునేమోయని కూడ వ్రాసినది. పాత యంత్రము చెడినను లెక్కలు కంపెనీవారి ఖాతాలో నుండవచ్చును. ఖాతా తెరచి, వానిని ప్రతి తీసికొను వీలున్నదేమో పిల్లలచే నేడే చూపించుము. నావి మా అమ్మాయి అట్లే తీసి యిచ్చినది. ఇప్పుడు ప్రతి రాత్రి అంకెను పాలలెక్క పుస్తకములో, పాల లీటర్ల ప్రక్కనే వ్రాసికొనుచున్నాను.

ఉత్తరము చివర ఆమె యింకొక ప్రశ్న వేసినది: అదే పాతరకము ఎవరో వాడి విడిచినది అమ్మకమునకు కనబడినది, కొనవచ్చునా యని. వద్దమ్మా. దాని లోపలి బ్యాటరీయు నీ బ్యాటరీ వయస్సుదే. ఆ డబ్బుతో బ్యాటరీ మార్చుకొను వీలున్న సాదా యంత్రమును కొనుక్కొనుము. ఇంకను మిగిలినచో రెండు బొత్తాము బ్యాటరీలు కొని, పసిపిల్లల చేతికి అందనిచోట భద్రముగా దాచుము. అవి మ్రింగిన ప్రాణాపాయము. పాత యంత్రమును చెత్తబుట్టలో పడవేయక, విద్యుత్పరికరముల చెత్తను వేరుగా తీసికొనువారికి ఇమ్ము.