నేలపై నెగ్గిన వైమానికుడు

2016 వ సంవత్సరము అక్టోబరు 25 వ తేదీన అమెరికాదేశపు వృద్ధ వైమానికుడు బాబ్ హూవరు తన 94 వ యేట కీర్తిశేషుడయ్యెను. జీవితమంతయు మృత్యువుతో చెలగాటమాడినాడని లోకము చెప్పుకొనిన మనుష్యునకు అంతటి దీర్ఘాయువు లభించుట కేవలము అదృష్టమని మేము తలపము.

1944 లో దక్షిణ ఫ్రాన్సు తీరమున జర్మనులు ఆయన విమానమును కూల్చిరి. ఏడాదికి పైగా చెరయందుండి, 1945 లో తప్పించుకొని, శత్రువుల విమానమునే యెక్కి హాలెండు చేరెను. యుద్ధానంతరము దశాబ్దముల తరబడి ప్రదర్శనలలో ఆయన చూపిన విద్య మరియు విచిత్రము. ఆకాశమధ్యమున రెండు ఇంజనులను ఆపివేసి, విమానమును పల్టీలు కొట్టించి, తిన్నగా నేలకు దించి, జనుల యెదుటకు తెచ్చి నిలుపువాడు. విమానము దొర్లుచుండగా గ్లాసులో టీ పోసి, చుక్క యొలుకకుండ చూపెను.

దీనిని తెగింపనుట పొరపాటు. ఇంజనులు ఆగిన విమానమునకు మిగులు ఆస్తి రెండే: ఎత్తు, వేగము. ఒకదానిని వెచ్చించి రెండవదానిని గడించుచు, ఎన్నడును అప్పుపడకుండుటయే ఆ విద్య. సాహసమనగా లెక్క తప్పని నిగ్రహము.

ఆ నిగ్రహమునకు గొప్ప పరీక్ష నేలమీద వచ్చినది. 1989 లో కాలిఫోర్నియాయందు ఒక ప్రదర్శన ముగిసిన పిమ్మట, ఒక యువకుడు ఆయన విమానమున పెట్రోలునకు బదులు పొరపాటున జెట్ ఇంధనము పోసెను. విమానము లేచిన కొలదిసేపటికే రెండు ఇంజనులును శక్తి కోల్పోయెను. హూవరు దానిని ఒక లోయలో దించెను. తనతోనున్న ఇరువురును బ్రతికిరి. తిరిగివచ్చి ఆ యువకుని భుజముపై చేయివేసి, మరునాడు తన మరియొక విమానమునకు నీవే ఇంధనము పోయవలెనని చెప్పెను.

మేము న్యాయస్థానములలో పెక్కేండ్లు గడపినవారము. ప్రమాదము జరిగినంతనే పైవారు క్రిందివానిని వెదకుట చూచుచున్నాము. బండి తోలువాడో, గేటు కాయువాడో దొరకును. వాని కొలువు తీసి, వానిపై కేసు పెట్టి, న్యాయము జరిగినదందురు. తప్పు వచ్చిన దారి మాత్రము తెరచియే యుండును. రేపు మరియొకడు ఆ దారినే నడచును. శిక్షకు జడిసినవాడు తన తప్పును దాచును. దాచిన తప్పు మరల చంపును.

హూవరు క్షమించి ఊరకుండలేదు. జెట్ ఇంధనము పోయు గొట్టపుమూతిని వెడల్పు చేసి, పెట్రోలు తొట్టి రంధ్రమున అది దూరకుండ చేయు ఏర్పాటును వ్యాప్తికి తెచ్చుటకు పాటుపడెను. ఆ గొట్టపుమూతికి ఆయన పేరే నిలిచినది. మనుష్యుని క్షమించి, దోషమునకు దారి మూసెను. ఇంతకు మించిన తీర్పు మేమెరుగము.

ఆయన నడపిన ష్రైకు విమానము నేడు వాషింగ్టను సమీపమున స్మిత్‌సోనియను సంస్థవారి ప్రదర్శనశాలలో నున్నది. చూడబోవువారు దాని రెక్కలతోపాటు ఇంధనము పోయు ఆ చిన్న రంధ్రమును గూడ ఒక్క క్షణము చూతురు గాక.