12 కేసులంట!

2024 మే 13, సోమవారం. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకేరోజు పోలింగ్. అంతకు ముందు రెండు రోజులూ హైదరాబాద్ - విజయవాడ హైవే ఎలా ఉందో గుర్తుందా? పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన కార్లు, కాలు పెట్టడానికి చోటు లేని బస్సులు. ఓటు కోసం అంత కష్టపడి ఊరెళ్లే జనాన్ని చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది. అదే బస్సులో పక్కవాణ్ని ‘ఎవరికేస్తున్నావ్, ఎందుకు?’ అని అడగండి. ఫోన్ తీసి ఓ రీల్ చూపిస్తాడు. 30 సెకన్లు, వెనకాల సినిమా బీజీఎం.

మా రూమ్మేట్‌కి ఫ్యామిలీ గ్రూపులో పోస్టర్ వచ్చింది. ‘ఈ అభ్యర్థి మీద 12 కేసులు! ఇలాంటోడికా మీ ఓటు?’ అని ఎర్రక్షరాలు. మనోడికి అదే తొలి ఓటు.

‘12 కేసులంట అన్నా, ఇంక చూసేదేముంది?’ అన్నాడు.

‘చూసేదంతా అక్కడే ఉంది తమ్ముడూ, అఫిడవిట్ తియ్’ అన్నా.

తీయడం ఎంతసేపు! ఎన్నికల సంఘం వాళ్ల ‘నో యువర్ క్యాండిడేట్’ యాప్ ఉంది, కేవైసీ అంటారు. (బ్యాంకువాళ్ల కేవైసీ కాదు, కంగారు పడకండి.) నియోజకవర్గం ఎంచుకుంటే, అభ్యర్థి నామినేషన్‌తో పాటు ఇచ్చిన ఫారం 26 వస్తుంది. స్కాన్ చేసిన కాగితాలు కదా, ఫోన్‌లో చదవాలంటే కాస్త చికాకే.

12 కేసులూ నిజమే. కానీ తొమ్మిదింట్లో ఉన్నవి ఐపీసీ 188, 341, 143. అంటే ఉత్తర్వు ధిక్కరించడం, దారికి అడ్డంపడటం, గుంపుగా చేరడం. మన భాషలో ధర్నా, రాస్తారోకో. మిగతా మూడింట్లో ఒకటి మాత్రం కొట్టి గాయపరిచిన కేసు, దాన్ని తేలిగ్గా తీసుకోలేం. మరి మావాడు వేద్దామనుకున్న అభ్యర్థి? ఒకే ఒక్క కేసు. 420, మోసం. కోర్టు అభియోగాలు కూడా నమోదు చేసింది. ఒక్కటే కదా, దాని మీద ఎవరూ పోస్టర్ చేయలేదు.

కేసుంటే దోషి అయిపోడు, ఆ మాటా గుర్తుండాలి. ఫారంలో పెండింగ్ కేసులు వేరు, శిక్షపడ్డవి వేరు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి కొత్త కేసుల్లో నంబర్లు కూడా మారాయి. మోసం ఇప్పుడు 318లో ఉంది, హత్యాయత్నం 109లో. చివరికి మావాడు ఎవరికేశాడో చెప్పలేదు, నేనూ అడగలేదు.

నా మటుకు అసలు కథ ఆస్తుల పేజీల్లో ఉంటుంది. అభ్యర్థి, జీవిత భాగస్వామి, వాళ్ల మీద ఆధారపడినవాళ్లు, అందరివీ రాయాలి. అయిదేళ్ల ఐటీ రిటర్నుల్లో చూపిన ఆదాయం, భూమి ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఇప్పుడు విలువెంత, అప్పులెన్ని, సర్కారుకు బాకీలున్నాయా... అన్నీ. పాత ఎన్నికప్పటి అఫిడవిట్ తీసి దీని పక్కన పెట్టండి. భూముల ధరలు వాటంతటవే పెరుగుతాయి, దాన్ని చూసి గోల చేయొద్దు. మధ్యలో కొత్తగా కొన్నవేంటి, అవి కొనడానికి ఆ అయిదేళ్ల ఆదాయం సరిపోతుందా అన్నది లెక్క. ఇదంతా వాళ్లు రాసిచ్చినదే అనుకోండి. అయినా తప్పుడు సమాచారం ఇస్తే ఆరు నెలల దాకా జైలు శిక్ష వేయొచ్చని చట్టంలో ఉంది.

ఈ కాగితం మనకి ఊరికే రాలేదు. 2002 మే 2న సుప్రీంకోర్టు ఓటరుకి ఈ వివరాలు తెలిసి తీరాలంది. ఆ తీర్పును నీరుగార్చేలా చట్టం సవరిస్తే, 2003 మార్చిలో ఆ సవరణనూ కొట్టేసింది. 2018 తీర్పు ప్రకారం కేసులున్న అభ్యర్థులు ఆ సంగతి పేపర్లో, టీవీలో ప్రకటించుకోవాలి. అలాంటివాళ్లకు టికెట్ ఎందుకిచ్చారో పార్టీలు కారణం చెప్పాలని, ‘గెలుస్తాడు కాబట్టి’ అంటే కుదరదని 2020లో ఇంకో ఉత్తర్వు. పార్టీలు రాసే కారణాలు ఓసారి చదవండి, మీమ్ పేజీలు కూడా అంత బాగా రాయలేవు.

అఫిడవిట్‌లో దొరకనిది ఒకటుంది. గెలిచాక ఏం చేశారన్నది. సిట్టింగ్ ఎంపీ అయితే పీఆర్ఎస్ సైట్‌లో సభకు ఎన్ని రోజులు వచ్చారో, ఎన్ని ప్రశ్నలు అడిగారో ఉంటుంది. ప్రశ్నల్లో మన జిల్లా గురించి ఎన్నున్నాయో చూడండి. ఎమ్మెల్యేల లెక్క అంత సులువుగా దొరకదు. అసెంబ్లీ సమావేశాల వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి, కానీ గంటల కొద్దీ. మీ ఎమ్మెల్యే లేచి మాట్లాడింది ఎక్కడుందో వెతుక్కోవాలి, ఉంటే.