మూఁగతెర నాఁటి నటీమణులు – సురభి కమలాబాయి



మేము కాపురమున్న చిక్కడపల్లికిని అశోకనగరమునకును చేరువనే, ఆర్టీసీ చౌరస్తాకడ, చలనచిత్రశాలలకుఁ గొదువ లేదు. సంధ్య, దేవి, సుదర్శన్ అను పేరులు మా వీధి పిల్లలకుఁ దిథివారములకంటె ముందుగాఁ గంఠస్థములగును. ఆ తెరలపైఁ దల్లి వేషమో అత్త వేషమో ధరించిన స్త్రీని జూచి మనము కొంగుతోఁ గన్నులద్దుకొందుము గాని, యింటికి వచ్చినపిదప నాయిక పేరే చెప్పుకొందుము. తల్లిగా నటించిన దెవరని యడుగువారు అరుదు. ఈ మాసమున మేము అట్టి తల్లి యొకతెను గూర్చియు, ఆమెకు మునుపటి మూఁగతెరను గూర్చియు ముచ్చటింపఁ దలఁచితిమి.

1913లో ఫాల్కేగారు రాజా హరిశ్చంద్ర చిత్రమును దీసినప్పుడు తారామతిగా నటించినది సాలుంకే యను పురుషుఁడు. సంసారస్త్రీల మాట యటుండఁగా, వృత్తిచే నాడి పాడువారు సయితము యంత్రము నెదుట నిలుచుట కొప్పుకొనలేదఁట. అటుపిమ్మట మోహినీ భస్మాసురమున దుర్గాబాయి కామత్ పార్వతిగాను, ఆమె కూఁతురు కమలాబాయి మోహినిగాను గన్పట్టిరి. తల్లియుఁ గూఁతురును గూడి గడప దాఁటిరన్నమాట.

మన తెలుఁగువారి వంతు 1921లో వచ్చినది. మచిలీపట్టణమువారైన రఘుపతి వెంకయ్యగారును, వారి కుమారుఁడు ప్రకాశ్‌గారును చెన్నపట్టణమున భీష్మప్రతిజ్ఞ యను మూఁగచిత్రమును నిర్మించిరి. ప్రకాశ్‌గారే భీష్ముఁడు. గంగ యెవరనుకొన్నారు? పెగ్గీ కాస్టెల్లో అను నామె! ఆదిపర్వమును దండ్రిగారి చెంతఁ జదువుకొన్న మాకు ఈ సంగతి తెలిసిననాఁడు నవ్వు వచ్చినది, వెంటనే విచారమును గలిగినది. ఇంటింట భారతము చదివించుకొను జాతిలో గంగ వేషమునకు ఒక తెలుఁగు పడఁతి ముందునకు రాలేదే! మాట వినఁబడదు గనుక పేరెట్టిదైనను, ఉచ్చారణ మెట్టిదైనను సాగిపోయినది. ముఖమున భావమును, నడుమ నడుమ వ్రాఁత పలకలును, తెర ప్రక్కన నిలిచి కథ చెప్పు వ్యాఖ్యాతయు, హార్మోనియమును ఉన్నఁ జాలును. ఆ చిత్రపుఁ బ్రతి నేఁడు మిగులలేదు.

మన హైదరాబాదునకును ఈ చరిత్రలోఁ జోటున్నది. 1922లో బంగాళమునుండి వచ్చిన ధీరేన్ గంగూలీగారు ఇచ్చట లోటస్ ఫిలిం కంపెనీని స్థాపించి కొన్ని మూఁగచిత్రములు దీసిరి. 1924లో, ఢిల్లీ నేలిన రజియా కథగల బొంబాయి చిత్రమును దమ శాలలోఁ బ్రదర్శించుటచే నిజాము ప్రభువున కాగ్రహము గలిగి, వారిని రాజ్యము విడువుమనెను. ఒక స్త్రీ వలపుకథకై ఒక పరిశ్రమయే మూట గట్టుకొని పోయినది.

ఇఁక సురభివారి కడకు వత్తము. కడపజిల్లా సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావుగారు కీచకవధ నాడించిరి. నాఁటి నుండి వారి కుటుంబములలోఁ గోడండ్రు, కూఁతుండ్రు తామే స్త్రీవేషములు ధరించు నాచార మేర్పడినది. స్థానం నరసింహారావుగారి వంటి మహానటులు సత్యభామగా ఆంధ్రదేశమును మురిపించుచున్న కాలమునను, సురభి గుడారములో భార్య భర్తసరసనే సీతయై నిలిచెడిది. అదియొక కాపురము, రంగస్థలమే వంటయిల్లు, అదియే పాఠశాల.

కమలాబాయి ఆ గుడారపు బిడ్డ. ఆమె తల్లి దమయంతి వేషమున నుండఁగాఁ బ్రసవవేదన యారంభమై రంగస్థలముననే యామె పుట్టినదనియు, చూపరులు నాటకములోని భాగమే యని తలఁచిరనియుఁ జెప్పుకొందురు. పురిటింట నెన్ని నియమములు పాటింతుమో యెఱిఁగిన మనకు ఈ మాట వినఁగానే గుండె జల్లుమనును. నిండుచూలాలు వేషము గట్టవలసి వచ్చినదనఁగా ఆ కుటుంబముల జీవనము నిత్య మెట్లుండెడిదో యూహించుకొనుఁడు.

1931లో మాట వచ్చినది. మూఁగతెర రాణులకు అది పరీక్షాకాలము. బొంబాయిలో గొప్ప పేరుగన్న సులోచన యంతటి నటి హిందుస్తానీ నేర్చుకొనుటకై కొంతకాలము ఆగవలసి వచ్చెను. నేఁటివలె వేఱొకరు పాడఁగాఁ బెదవులు కదలించు వీలు నాఁడు లేదు, నటించునామెయే పాడవలయును. కావున తెలుఁగు మాటల చిత్రము దీయఁబూనినవారు నేరుగా సురభివారిని వెదకికొని పోయిరి. హెచ్.ఎం.రెడ్డిగారి దర్శకత్వమున అర్దెషిర్ ఇరానీగారు బొంబాయిలో నిర్మించిన భక్తప్రహ్లాద 1932 ఫిబ్రవరి 6న విడుదలయైనది. (1931 సెప్టెంబరని చాలకాలము వ్రాయుచు వచ్చిరి.) మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుఁడు, కమలాబాయి లీలావతి. తొలి తెలుఁగు వాక్చిత్రనాయిక ప్రియురాలు గాక తల్లి యగుట మాకు మిక్కిలి నచ్చిన విషయము. మగని కోపమునకును బిడ్డని భక్తికిని నడుమ నలుగు నా యిల్లాలి దుఃఖమును మొదటిసారి తెలుఁగుమాటలతో తెరపై వినిపించినది గుడారములోఁ బెరిగిన యీ కంఠమే.

ఆ సంవత్సరముననే ఆమె పాదుకాపట్టాభిషేకమున సీతయు, శకుంతల చిత్రమున శకుంతలయు నైనది. బొంబాయిలో నుండి హిందీ చిత్రములలోను నటించినది. తరువాత క్రొత్త నాయికలు వచ్చిరి; సీత ముసలితల్లి యైనది. మగవానికి నలుబది దాఁటినను నాయకవేషము చెల్లును, ఆఁడుదానికి మాత్రము చెల్లదు. ఇది తెరకే కాదు, లోకమునకును దెలిసిన పక్షపాతమే. 1951లో వచ్చిన పాతాళభైరవిలో తోఁటరాముని తల్లిగా నున్నది ఈ కమలాబాయియే. రామారావుగారి సాహసమును, రంగారావుగారి మాంత్రికుని మాటలను మన మింటిల్లిపాదియు ఒప్పజెప్పుదుము. తోఁటపని చేసికొని కుమారునిఁ బెంచిన యా వితంతువు వేషమున నున్నది తెలుఁగుతెర తొలినాయిక యని యెందఱకుఁ దెలియును? నారాయణగూడనుండి మా యింటికి వచ్చు నొక సోదరి, ఆ చిత్రమును పదిసారులైనఁ జూచినదై యుండియు, ఈ పేరు విని వెఱఁగందినది.

కమలాబాయి యిప్పుడు లేదు. భక్తప్రహ్లాదపుఁ బ్రతియు నిప్పుడు లభింపదు. లీలావతి కంఠము మనకు దక్కలేదు. సురభి కుటుంబములు మాత్రము మన నగరమునందే, శేరిలింగంపల్లికడ సురభికాలనీలో నున్నవి. వారి నాటకమున్నదని తెలిసిన దినమున పిల్లలను వెంటఁబెట్టుకొని పొండు. తెర జాఱినపిదప తల్లివేషము వేసిన యామె పేరడిగి వ్రాసికొని రండు. పాతాళభైరవి యెటులను ఇంటింట దొరకుచునే యున్నది. ఈ పర్యాయము మాంత్రికునిఁ జూచుట మాని ఆ తల్లిముఖమును జూడుఁడు.